పెట్రోలు జనరేటరును వాడుట, దాచుట

అడవి, వాగు, వాన - ఈ మూడును ములుగు ప్రాంతమునకు సంపదలు. ఈ మూడును ఒక్కనాడే విజృంభించినచో మొట్టమొదట తెగునది కరెంటు తీగె. 2023వ సంవత్సరము జూలై 27వ తేదీ ఉదయముతో ముగిసిన 24 గంటలలో, రామప్ప గుడికి చేరువనున్న వెంకటాపూర్ మండలము లక్ష్మీదేవిపేటయందు 649.8 మిల్లీమీటర్ల వర్షము కురిసినది. ఆ దినమే జంపన్నవాగు పొంగి, ఏటూరునాగారం మండలములోని కొండాయి గ్రామమును ముంచి, పలువురిని బలిగొన్నది. మరుసటి సంవత్సరము ఆగస్టు 31వ తేదీన తాడ్వాయి, మేడారము అడవులలో వీచిన పెనుగాలికి వేలకొలది మహావృక్షములు వ్రేళ్లతో సహా కూలినవి. ఇట్టి సమయములలో విద్యుత్తు ఒక పూటలో వచ్చునో, నాలుగు దినములకు వచ్చునో ఎవ్వరును చెప్పజాలరు.

అందుచేత స్తోమత గలవారు చిన్న పెట్రోలు జనరేటరు నొకదానిని కొని ఇంట నుంచుకొనుచున్నారు. దుకాణదారులును, శుభకార్యములు చేయువారును అద్దెకు తెచ్చుకొనుచున్నారు. ఇద్దరు మనుష్యులు మోసికొనిపోగల ఈ యంత్రము చీకటి రాత్రి నాలుగు దీపములు వెలిగించును, సెల్‌ఫోనునకు ప్రాణము పోయును, మంచముపట్టిన రోగికి గాలి నందించు సాధనమును నడుపును. ఇది నిస్సందేహముగా ఉపకారి.

అయితే ఈ ఉపకారితో ఒక చిక్కు కలదు. ఇది వానలో తడియరాదు, ఇంటిలోపల నడువరాదు. దీని అవసరము కలుగునది వానలోనే. వాన కురియుచుండగా దీనిని ఇంటిలోనికి తెచ్చుకొనవలెనను బుద్ధి పుట్టుటయు సహజమే. లోకమున ఈ యంత్రమువలన సంభవించిన మరణములలో పెక్కు ఆ బుద్ధివలన కలిగినవే. ఈ చిక్కును విడదీయు మార్గమును, దానితోబాటు పెట్రోలు, తీగెలు, నిలువ - వీని విషయమున పాటింపవలసిన నియమములను శ్రోతలకు విన్నవించుట మా ఉద్దేశము.

యంత్రము పనిచేయు విధము

జనరేటరులో రెండు భాగములున్నవి. ఒకటి ఇంజను; రెండవది విద్యుత్తును పుట్టించు డైనమో వంటి భాగము. పెట్రోలు కార్బురేటరులో గాలితో కలిసి ఆవిరియై ఇంజనులోనికి పోవును. అచట స్పార్క్ ప్లగ్గు రవ్వ విడువగా మండి, ముషలకమును త్రోయును. ఆ త్రోపుడే ఇరుసును త్రిప్పును. ఇరుసు తిరిగినపుడు అయస్కాంతమునకును, రాగి తీగె చుట్టలకును నడుమ జరుగు వ్యాపారమువలన కరెంటు పుట్టును. మండగా మిగిలిన పొగ సైలెన్సరు గుండ వెలుపలికి వచ్చును.

ఈ వర్ణనవలన మూడు సంగతులు తేలుచున్నవి. ఈ యంత్రము గాలిని పీల్చి పొగను విడుచును. ఇది భగ్గుమను ద్రవమును తన కడుపున దాచుకొనియుండును. ఇది పుట్టించు 230 వోల్టుల విద్యుత్తు, స్తంభముపైనుండి వచ్చు విద్యుత్తువలెనే మనిషిని చంపగలదు. పొగ, నిప్పు, కరెంటు - ఈ మూడే దీని అపాయములు. నిప్పు కంటికి కనబడును. కరెంటును మనము ఎరుగుదుము. ఎరుగనిది పొగ యొక్కటే. కావున మొదట దానిని గూర్చియే చెప్పవలెను.

కంటికి కానరాని విషము

పెట్రోలు పూర్తిగా మండినపుడు బొగ్గుపులుసు గాలి పుట్టును. అరకొరగా మండినపుడు దానితోబాటు కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పొగయొక్క ఘాటు మనకు తగులుచున్నదన్న అది ఇతర పదార్థముల ఘాటేగాని దీనిది కాదు. ఘాటు తగలని తావునను ఇది నిండియుండవచ్చును.

మన రక్తములోని హీమోగ్లోబిను ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును మోసికొనిపోయి సర్వాంగములకు పంచును. కార్బన్ మోనాక్సైడు ఆ హీమోగ్లోబినును ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. బండి నిండుగా వేరు సరకు ఎక్కిన తరువాత ధాన్యపు బస్తాకు తావు లేనట్లు, ప్రాణవాయువునకు రక్తమున చోటు దక్కదు. మనిషి గాలి పీల్చుచునే యుండును. గుండెకును మెదడుకును మాత్రము గాలి అందదు.

మొదట తలనొప్పి కలుగును. తరువాత తల తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట, కాళ్లు చేతులు సడలుట. వానలో తడిసినందున జ్వరము వచ్చునేమో అనుకొని పండుకొనుటయు కలదు. అట్లు పండుకొన్నవారు మరల లేవరు. నిద్రించుచున్నవారి కీ సూచనలు సహితము తెలియవు. ఇంటిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, వెలుపలికి పోగానే తగ్గినచో, అది జ్వరము కాదు, పొగయే అని తెలిసికొనవలెను.

ఇవి దూరపు మాటలు కావు. 2024 డిసెంబరులో కేరళమున వడకర పట్టణమునొద్ద రోడ్డుప్రక్కన నిలిపిన కారవాన్ బండిలో ఇద్దరు మరణించియుండిరి. బండికి కరెంటు నిచ్చుటకై నడిపిన జనరేటరు విడిచిన కార్బన్ మోనాక్సైడే లోనికి చేరినదని విచారణలో తేలినది. మన తెలుగువారు అనేకులు నివసించు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున 2021 ఫిబ్రవరిలో మంచుతుఫాను వచ్చి లక్షలాది ఇండ్లకు విద్యుత్తు నిలిచిపోయెను. చలికోర్వలేక జనులు ఇండ్లలోను, కారు కొట్టములలోను జనరేటర్లను, కార్లను, బొగ్గుల కుంపట్లను రాజేసికొనిరి. ఈ వాయువువలన పదిమందికి మించి మరణించిరి. 1400 మందికి పైగా ఆసుపత్రుల పాలైరి. ఆ దేశమున చేతజనరేటర్ల పొగవలన ఏటేట వందకు దరిదాపుగా జనులు మరణించుచున్నారని అచటి వినియోగవస్తు భద్రతా సంఘము చెప్పుచున్నది. చదువుకొన్నవారు, ధనవంతులు, యంత్రములతో నిత్యము మెలగువారు గల దేశముననే ఇట్లు జరుగుచున్నది. చదువు ఈ విషమును వాసన చూడజాలదు.

ఎవరికైన ఈ గాలి సోకినదని అనుమానము కలిగినచో, తలుపులు బార్లా తెరచి, వారిని వెంటనే ఆరుబయటికి చేర్పవలెను. పిమ్మట 108కి ఫోను చేయవలెను. డాక్టరుతో "జనరేటరు పొగ పీల్చినారు" అని తప్పక చెప్పవలెను. ఇట్లు చెప్పుటకు కారణమున్నది. కోవిడ్ నాటినుండి పెక్కు ఇండ్లలో వ్రేలికి తగిలించి చూచు ఆక్సీమీటరు ఉన్నది. సామాన్యమైన ఆక్సీమీటరు ప్రాణవాయువు నెక్కించుకొన్న రక్తమునకును, ఈ విషము నెక్కించుకొన్న రక్తమునకును భేదము గుర్తింపలేదు. మనిషి ప్రాణాపాయములో నున్నను అది 98 అని చూపవచ్చును. దానిని నమ్మి ఊరకుండరాదు. మామూలు గాలిలో ఈ విషము సగము విడుటకు నాలుగైదు గంటలు పట్టును. ఆసుపత్రిలో స్వచ్ఛమైన ప్రాణవాయువు నిచ్చినచో గంట, గంటన్నరలో సగము విడును. ఆలస్యము తగదనుట అందుకే.

వానలో ఎక్కడ నుంచవలెను?

ఇక మొదట చెప్పిన చిక్కునకు వత్తము. ఇంటిలో ఉంచరాదు, వానలో ఉంచరాదు. మరి ఎక్కడ నుంచవలెను?

ముందుగా ఉంచరాని తావులను చెప్పుదుము. అర్రలో ఉంచరాదు. కిటికీలు తెరచినను, ఫాను త్రిప్పినను అర్ర అర్రయే. వసారాలో ఉంచరాదు, వసారా ఒకవైపు తెరచియున్నను పొగ తలుపు సందునుండి లోనికే పోవును. మెట్లక్రింది గూటిలో, గచ్చు నేలమాళిగలో, కారు కొట్టములో ఉంచరాదు. కిటికీ క్రింద గోడకానించి ఉంచరాదు. పశువుల కొట్టములో ఉంచరాదు. ఈ విషమునకు మనిషి, పశువు అను భేదము లేదు.

దీనికి తగిన వసతి మన పూర్వులు ఎరిగినదే - పందిరి. పైకప్పు ఉండి గోడలు లేని నెలవు. ఇంటినుండి ఇరువది అడుగులకు తక్కువ కాకుండ దూరమున నాలుగు గుంజలు పాతి, మనిషి ఎత్తుకు మించి, ఒకవైపు వాలుగా రేకు వేయవలెను. నాలుగు వైపుల తడిక కట్టరాదు, పరదా దింపరాదు. తాటాకు, గడ్డి కప్పు పనికిరాదు. సైలెన్సరు వేడికి అంటుకొనును. టార్పాలిను వేసినచో బిగించి కట్టవలెను. అది నీరు నిండి వ్రేలాడి యంత్రముపై పడరాదు. అడుగున ఇటుకలతో మోకాలెత్తు అరుగు కట్టినచో ముంగిలి నీరు యంత్రమునకు తగులదు. యంత్రము చుట్టును మూడు, నాలుగు అడుగుల మేర ఏ వస్తువును ఉండరాదు.

పందిరి ఇంటికి ఏ దిక్కున నుండవలెనన్నది ముఖ్యము. వానకాలమున మనకు ప్రధానముగా పడమటనుండి, నైరుతినుండి గాలి వీచును. కావున ఇంటికి తూర్పుననో, ఈశాన్యముననో ఉంచినచో పొగ ఇంటికి దూరముగా పోవును. ఐనను గాలి ఒక్కరీతి నుండదు. జనరేటరును నడుపకముందు, దానికి దూరముగా నిలిచి, అగరువత్తి వెలిగించి పొగ ఎటు పోవుచున్నదో చూచుకొన్నచో చాలును. సైలెన్సరు మూతి అటువైపునకే త్రిప్పవలెను. మన తూర్పు దిక్కున ప్రక్కింటి కిటికీ ఉండవచ్చును. మన ఇంటికి తప్పిన పొగ వారి అర్రలో చేరుట ధర్మము కాదు. ఊరివారందరు ఇండ్లు దగ్గరదగ్గరగా కట్టుకొన్న తావున ఈ సంగతి ప్రక్కింటివారితో కలిసి మాటాడుకొని స్థలము నిర్ణయించుకొనుట మేలు.

పందిరి క్రిందనైనను గాలివాన అడ్డముగా కొట్టునపుడు యంత్రము తడియును. అప్పుడేమి చేయవలెను? ఆపివేయవలెను. ఇంతకుమించి మార్గము లేదు. ఒక గంట చీకటిలో కూర్చుండుట కష్టమే. కాని గంట తరువాత వాన తగ్గును. తలుపు మూసిన ఫ్రిజ్జు నాలుగు గంటలవరకు చల్లదనమును నిలుపుకొనును. టార్చిలైటు, చార్జింగు దీపము ఆ వేళకు చాలును. ఇంటిలో ప్రాణవాయువు యంత్రముపై ఆధారపడిన రోగి యున్నచో, వాన ముదురకముందే ఆసుపత్రియున్న చోటికి చేర్చుటయో, నిండు సిలిండరును ముందుగా తెచ్చి యుంచుటయో చేయవలెను. రోగికి గాలి నిచ్చుటకని జనరేటరును అర్రలో నడిపినచో ఒక చేత నిచ్చిన దానిని రెండవ చేత లాగుకొన్నట్లగును.

పెట్రోలు విషయమున మెలకువ

పెట్రోలు ద్రవము మండదు. దాని ఆవిరి మండును. ఆ ఆవిరి ఎంతటి చలిలోనైనను లేచుచునే యుండును. అది గాలికంటె బరువైనది. నీటివలె నేలపై ప్రాకి పల్లమునకు పోవును. ఒక మూల డబ్బా మూత తెరచినచో మరియొక మూలనున్న పొయ్యి, దీపము, స్విచ్చిరవ్వ దానిని అంటించగలవు. దేవుని గూటియందు దీపము వెలుగు ఇంటిలోను, వంట జరుగు ఇంటిలోను పెట్రోలు ఉంచరాదనుట అందుకే.

పెట్రోలును కొని తెచ్చుకొనుటలో మనవారు ఒక అలవాటును మానవలసియున్నది. త్రాగునీటి ప్లాస్టిక్ సీసాలలో పోసికొని వచ్చుచున్నారు. 1934వ సంవత్సరపు పెట్రోలియం చట్టము ప్రకారము, అమ్మకమునకు గాక సొంత అవసరమునకు లైసెన్సు లేకుండ ఉంచుకొనదగిన పెట్రోలు మొత్తము 30 లీటర్లు మించరాదు. అదియు గట్టిగా మూత బిగించిన గాజు, జాడి లేక లోహపు పాత్రలలోనే యుండవలెను. గాజు, జాడి పాత్రలు ఒక లీటరును, లోహపు పాత్ర 25 లీటర్లను మించరాదు. ఇది చట్టపు హద్దు. ఇంటి అవసరమునకు ఐదు లీటర్ల లోహపు డబ్బా ఒకటి చాలును. దానిపై పెద్ద అక్షరములతో "పెట్రోలు" అని వ్రాసి, పిల్లలకు అందని తావున, ఇంటికి వేరుగానున్న గాలి తగులు కొట్టమున, నీడపట్టున ఉంచవలెను. నీళ్ల సీసాలో పోసిన పెట్రోలును దాహముతో పిల్లవాడు నోట పోసికొనుటయు జరుగును.

నడుచుచున్న యంత్రములో పెట్రోలు పోయరాదు. చీకటి పడునన్న ఆత్రముతో చేయు పని ఇది. కాలిన సైలెన్సరుపై చుక్క పడినచో భగ్గున మండును. యంత్రమును ఆపి, పావుగంట చల్లారనిచ్చి, గరాటుతో పోసి, కారినదానిని గుడ్డతో తుడిచి, ఆవిరి పోయిన పిమ్మట మరల నడుపవలెను. ట్యాంకును అంచువరకు నింపరాదు. వేడికి పెట్రోలు ఉబ్బును గనుక కొంత వెలితి విడువవలెను. ఆ సమయమున బీడీ, చుట్ట, అగ్గిపుల్ల దగ్గర నుండరాదు. వెలుగు కొరకు టార్చిలైటునే వాడవలెను. పొడి ఇసుక బకెట్లు రెండు పందిరిప్రక్కన ఉంచవలెను. పెట్రోలు మంటపై నీరు చల్లినచో పెట్రోలు నీటిపై తేలి మంటను మరింత దూరము కొనిపోవును.

తీగెలు, బరువు

జనరేటరును ఇంటి దీపములకు కలుపుటలో ఒక ఘోరమైన పద్ధతి కొన్ని తావుల నడుచుచున్నది. తీగెకు రెండు కొసలను ప్లగ్గులు తగిలించి, ఒకటి జనరేటరునందును, మరియొకటి గోడసాకెట్టునందును గ్రుచ్చుచున్నారు. మెయిన్ స్విచ్చి దింపుట మరచినచో ఇంటి కరెంటు వీధి తీగెలోనికి ఎదురు పోవును. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులను తగ్గించి మనకిచ్చు యంత్రము. ఎదురుగా కరెంటు వచ్చినచో అదియే మన 230 వోల్టులను మరల వేల వోల్టులుగా పెంచి పైతీగెలోనికి ఎక్కించును. చెట్టు పడి తెగిన తీగెను ముడివేయుటకు వానలో స్తంభమెక్కిన లైన్‌మన్, కరెంటు లేదని నమ్మి ఆ తీగెను పట్టుకొనును. మన ఇంట దీపము వెలిగించుటకు వచ్చినవాని ఇంట దీపము ఆరిపోవును. అంతేకాక ఊడిన ప్లగ్గుయొక్క సూదులలో కరెంటు ప్రవహించుచుండుటచే మన పిల్లలకును అది మృత్యువే.

దీనికి సరియైన సాధనము చేంజోవర్ స్విచ్చి. అది ఒక వేళ స్తంభపు కరెంటునో, ఒక వేళ జనరేటరు కరెంటునో ఇంటికి కలుపును. రెండింటిని కలిపి ఎన్నటికిని కలుపదు. లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచే దానిని పెట్టించుకొనవలెను. అది లేనివారు జనరేటరుపై నున్న సాకెట్టునుండియే మూడు తీగెల మంచి రబ్బరు కేబులును లాగి, దీపమును, ఫానును నేరుగా దానికి తగిలించుకొనవలెను. కేబులునకు అతుకులుండరాదు. తలుపు సందున నలుగరాదు, నీటిలో పడియుండరాదు. తడిచేతులతో యంత్రమును ముట్టరాదు. ఎర్తు విషయమున తయారుచేసినవారి పుస్తకము చెప్పినట్లు చేయవలెను.

యంత్రమునకు దాని శక్తిని మించిన బరువు వేయరాదు. రెండు కిలోవాట్ల యంత్రముపై ఎడతెగకుండ ఒకటిన్నర కిలోవాట్లకు మించి వేయకుండుట మంచిది. లెక్క సులభము. 9 వాట్ల బల్బులు ఆరు వేసినచో 54 వాట్లు. 75 వాట్ల ఫానులు మూడు వేసినచో 225. టెలివిజను 100 అనుకొందము. అన్నియు కలిపి 379 వాట్లు. రెండు కిలోవాట్లలో ఐదవ వంతు కూడ కాదు. కాని మోటార్ల సంగతి వేరు. ఒక హార్సుపవరు మోటారు నడుచునపుడు సుమారు వేయి వాట్లు త్రాగును. మొదలగునపుడు మూడు మొదలు ఆరు రెట్ల కరెంటును ఒక్కసారి లాగును. చిన్న జనరేటరు ఆ లాగుడున కుప్పకూలును, లేదా దాని చుట్టలు కాలును. కావున ఇంటి యంత్రముతో పొలము మోటారు నడుపబూనరాదు.

నడుపు క్రమము కూడ తెలిసికొనదగినది. సమతలమున ఆయిలు చూచి, పెట్రోలు కుళాయి తెరచి, చోక్ లాగి, తాడు గుంజి నడుపవలెను. రెండు మూడు నిమిషములు వట్టిగా నడిచిన తరువాత ఒక్కొక్క స్విచ్చి వేయవలెను. ఆపునపుడు మొదట స్విచ్చులన్నియు తీసి, రెండు నిమిషములు వట్టిగా నడిపి ఆపవలెను. కొత్త యంత్రమునకు మొదటి 20 గంటల తరువాతను, పిమ్మట ప్రతి 100 గంటలకును ఆయిలు మార్చుట సాధారణమైన పద్ధతి. దుమ్ములో నడిచినచో గాలి ఫిల్టరును తరచుగా శుభ్రపరుపవలెను. ఫిల్టరు మూసికొనిపోయినచో పెట్రోలు సరిగా మండక విషవాయువు మరింత పెరుగును.

దాచియుంచుట

ఈ యంత్రము ఏడాదిలో అధికభాగము నిదురించియుండును. నిదుర సరిగా పుచ్చినచో అవసరపు రాత్రి మొదటి గుంజుడుకే లేచును. లేనిచో చీకటిలో, వానలో తాడు గుంజి గుంజి చేతులు నొచ్చును. అట్టి విసుగులోనే జనులు దానిని వెలుతురు గల అర్రలోనికి తెచ్చి బాగుచేయబోవుదురు. కావున దాచుట కూడ భద్రతలో ఒక భాగమే.

నేడు మన పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లవరకు ఇథనాలు కలుపబడుచున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. వానకాలమున అడవిసీమలో తేమకు కొదువ లేదు. నెలల తరబడి ట్యాంకులో నిలువయున్న పెట్రోలు చెడి, కార్బురేటరు సన్నని రంధ్రములలో జిగురు పేరుకొనును. ట్యాంకు లోపల త్రుప్పు పట్టును. అందుచేత నెలకు మించి వాడుక లేదని తెలిసినచో ట్యాంకును ఖాళీ చేయవలెను. తరువాత వెలుపలనే యంత్రమును దానంతట అది ఆగువరకు నడిపినచో కార్బురేటరులోని పెట్రోలు కూడ అయిపోవును. అడుగున మిగిలినదానిని మర విప్పి డబ్బాలోనికి దింపవలెను. అట్లు తీసిన పెట్రోలును మురుగుకాలువలో పోయరాదు.

చాలకాలము దాచదలచినచో, స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రమున ఒక చెంచాడు శుభ్రమైన ఇంజను ఆయిలు పోసి, తాడును రెండు మూడుమార్లు మెల్లగా లాగి, ప్లగ్గును మరల బిగింపవలెను. పిమ్మట తాడును బరువు తగులువరకు లాగి విడువవలెను. అప్పుడు లోపలి కవాటములు మూసికొనియుండి తేమ చొరదు. యంత్రము పూర్తిగా చల్లారిన తరువాతనే గుడ్డ కప్పవలెను. కొయ్యపలకపైనో, ఇటుకలపైనో నేలకు ఎత్తుగా నుంచవలెను. గడ్డివాముదగ్గర నుంచినచో ఎలుకలు చేరి తీగెలు కొరుకును. పెట్రోలు డబ్బాను యంత్రముతో కలిపి ఉంచరాదు.

మృగశిర కార్తె ప్రవేశింపకముందే ఒకనాడు దానిని వెలికి తీసి, కొత్త పెట్రోలు పోసి, ఆయిలు చూచి, రెండు దీపములు వెలిగించి పావుగంట నడిపి చూచుకొనవలెను. నాగలికి కర్రు వేయించుకొనుటవంటి పనియే ఇదియు. ఆ దినముననే పందిరి రేకును, గుంజలను, కేబులును పరీక్షించి, ఇంటిలోని పెద్దలకు, పిల్లలకు యంత్రము ఎక్కడ నడుపవలెనో చూపియుంచవలెను. యజమాని ఊరిలో లేని రాత్రియే కరెంటు పోవచ్చును.

జాతరలో

వాన లేని కాలమునను ఈ జాగ్రత్త అవసరమగు తావు మన జిల్లాలో ఒకటి కలదు. రెండేండ్లకొకసారి మాఘమాసమున మేడారములో సమ్మక్క సారలమ్మ జాతర జరుగును. 1996లో దీనిని ప్రభుత్వము రాష్ట్ర పండుగగా ప్రకటించెను. 2024లో ఫిబ్రవరి 21 మొదలు 24 వరకు జరిగినది. చిలకలగుట్టనుండి సమ్మక్క, కన్నెపల్లినుండి సారలమ్మ గద్దెలకు వచ్చు ఆ నాలుగు దినములలో అడవియే మహానగరమగును. బెల్లపు దుకాణములు, గాజుల దుకాణములు, హోటళ్లు రాత్రియంతయు వెలుగుచుండును. భక్తులు గుడారములలోను, లారీలలోను, టార్పాలిను కప్పిన ట్రాక్టరు బండ్లలోను పండుకొందురు. అడవి చలికి పరదాలు నలుదిక్కుల దింపుకొందురు.

అచట ఒకరి దుకాణపు వెనుకభాగము మరియొకరి గుడారపు తలాపి అగుచుండును. బేరగాండ్రకు శబ్దము వినబడరాదని జనరేటరును వెనుకకు నెట్టినచో పొగ నిద్రించువారి ముఖముననే పడును. దుకాణదారులు నలుగురైదుగురు కూడి, జనము పండుకొను తావునకు దూరముగా ఒక్కచోట యంత్రములనుంచి, కేబులు లాగికొనుట ఉత్తమము. వంటపొయ్యిలకును ఎండుగడ్డికిని ఎడముగా నుంచవలెను. బండిలోగాని, గుడారములోగాని జనరేటరు నుంచుకొని పండుకొనుట ప్రాణములతో చెలగాటము. తలాపిన ఎవరో యంత్రము నడుపుచున్నచో మొగమాటపడక దూరము జరుపుమని అడుగవలెను. అడిగినవారిపై కోపింపక జరుపవలెను.

మేము చెప్పిన నియమములు అనేకముగా తోచవచ్చును. అన్నిటిలో ఒక్కటి మాత్రము జ్ఞాపకముంచుకొన్నను ప్రాణములు దక్కును: ఆ యంత్రమునకు కప్పు ఉండవచ్చును, గోడలుండరాదు. పందిరి వేయుటకు నాలుగు గుంజలు, రెండు రేకులు, ఒక పూట శ్రమ చాలును. ఈ పని కరెంటు ఉన్న పగటివేళనే, ఆకాశము నిర్మలముగానున్న దినముననే చేసి యుంచవలెనని శ్రోతలకు మా మనవి. గాలివాన రాత్రి గుంజలు పాతుట ఎవ్వరివల్లను కాదు.